ఇల్లు కూల్చాలా, దూలం మార్చాలా?

పోయిన నెలలో మా మేనేజరు నన్ను కాఫీకి పిలిచాడు. ఆయన కాఫీకి పిలిచాడంటే ఏదో ఉందనే అర్థం. అంతకు రెండు రోజుల ముందే నేను ఒక మాట చెవిన వేసి ఉన్నాను: ఇండియా తిరిగి వెళ్ళిపోవాలని ఆలోచిస్తున్నానని. నాన్నకి ఏడాది కింద గుండెకి స్టెంట్ వేశారు. అక్క బెంగళూరులో ఉంటుంది, దాని సంసారం దానిది. అమ్మ ఫోన్లో ఎప్పుడూ "మాకేం రా, బానే ఉన్నాం" అంటుంది. ఆ "బానే" అనేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో కొడుకులందరికీ తెలుసు.

కాఫీ సగమయ్యాక మేనేజరు అసలు విషయానికొచ్చాడు. "నువ్వు కూడా వెళ్ళిపోతే ఇక ఈ టీమ్‌ని పునాదుల నుంచి మళ్ళీ కట్టుకోవాల్సిందే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా. నేను నవ్వింది ఆయన్ని చూసి కాదు. సరిగ్గా ఇదే మాట 2022 వేసవంతా ఈ ఊళ్ళో రేడియోలో, లిఫ్టుల్లో, మంగలి షాపులో విని విని ఉన్నాను. అప్పుడు మాట్లాడింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, హాకీ గురించి.

నేనుండేది కాల్గరీలో. ఇక్కడ హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీద ఆడేది. నేను 2021 ఆగస్టులో వచ్చాను. ఆ చలికాలం మా లీడ్ దగ్గర ఒక టికెట్టు మిగిలితే నన్ను సాడిల్‌డోమ్‌కి లాక్కెళ్ళాడు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే. 1989లో కాల్గరీ ఫ్లేమ్స్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆయనకి ఏడేళ్ళట. ఇప్పటిదాకా వాళ్ళకి అదే మొదటి కప్పు, అదే ఆఖరి కప్పు. మొదటి అరగంట నాకు బంతి (దాన్ని పక్ అంటారు లెండి) ఎక్కడుందో కూడా కనపడలేదు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం ఆడి ఊపిరి ఆడక బెంచి మీదకి వచ్చేస్తాడు, ఇంకొకడు గోడ దూకి వెళ్తాడు. ఇదేం ఆటరా బాబూ అనుకున్నాను. మూడో మ్యాచికి ఎర్ర జెర్సీ కొనుక్కున్నాను :)

ఆ సీజన్ అలాంటిది మరి. 2021-22లో ఫ్లేమ్స్‌కి 111 పాయింట్లు, డివిజన్లో మొదటి స్థానం. జానీ గోద్రో, మాథ్యూ కచక్, ఎలియాస్ లిండ్‌హోమ్ ముగ్గురూ ఒకే వరసలో ఆడేవాళ్ళు, ముగ్గురూ 40 గోల్స్ అందుకున్నారు. గోద్రోకి 115 పాయింట్లు, కచక్‌కి 104. గోద్రో ఎత్తు మన వైపు సగటు కుర్రాడంత కూడా అనిపించేది కాదు ఆ భారీ మనుషుల మధ్యలో. కానీ పక్ అతని కర్రకి అంటుకుపోయేది. ప్లేఆఫ్స్ మొదటి రౌండులో డల్లాస్ మీద ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్తే గెలిపించిన గోల్ అతనిదే. ఆ రాత్రి నేను తెలుగులోనే అరిచాను. తర్వాత రౌండులో ఎడ్మంటన్ చేతిలో అయిదు మ్యాచుల్లో ఓడిపోయారనుకోండి, అది వేరే ఏడుపు.

ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే అంతా అయిపోయింది. 2022 జులై 13న గోద్రో కాంట్రాక్టు ముగిసి కొలంబస్‌కి వెళ్ళిపోయాడు. కాల్గరీకి బదులుగా ఒక్క ఆటగాడు కూడా రాలేదు. అతని సొంతూరు న్యూజెర్సీ వైపు. ఇంటివాళ్ళకి దగ్గరగా ఉండాలనుకున్నాడు, భార్య కడుపుతో ఉంది. అదే నెల 22న కచక్‌ని ఫ్లోరిడాకి ఇచ్చేశారు, దీర్ఘకాలం కాల్గరీతో ఒప్పందం చేసుకోనని అతను ముందే చెప్పేశాడు కాబట్టి. పది రోజుల్లో 219 పాయింట్లు తలుపు తీసుకుని వెళ్ళిపోయాయి.

ఇక చర్చ మొదలు. రీబిల్డ్ చెయ్యాలా వద్దా?

హాకీ తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లు. 2005-06 నుంచి జీతాలకి గట్టి పరిమితి ఉంది. 2022-23లో ఒక జట్టు మొత్తం జీతాలు కలిపి 82.5 మిలియన్ డాలర్లు దాటకూడదు. అంటే మన ఓనరు దగ్గర డబ్బుంది కదా అని ఇద్దరు పోతే నలుగుర్ని కొనేయడం కుదరదు. రెండోది డ్రాఫ్ట్. ప్రతి ఏడూ 18 ఏళ్ళ కుర్రాళ్ళని జట్లు వరసలో ఎంచుకుంటాయి, బాగా ఓడినవాళ్ళకి ముందు వరసలో చోటు. మధ్యలో లాటరీ ఒకటి ఉంటుంది కాబట్టి ఆఖరి స్థానంలో ఉన్నంత మాత్రాన మొదటి కుర్రాడు మనకే వస్తాడన్న గ్యారంటీ లేదు. ఆ కుర్రాళ్ళు మొదటి కాంట్రాక్టులో చవగ్గా ఆడతారు. అందుకని రీబిల్డ్ అంటే ఏంటంటే, ఉన్న మంచివాళ్ళని కూడా అమ్మేసి, మూడు నాలుగేళ్ళు కావాలనే అడుగున పడి ఉండి, కుర్రాళ్ళని పోగేసుకుని మళ్ళీ లేవడం. ఉన్న ఇల్లు కూల్చి కొత్తది కట్టుకోవడం అన్నమాట.

ఈ పద్ధతి పనిచెయ్యదని ఎవరూ అనలేరు. పిట్స్‌బర్గ్ 2001లో యాగర్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చేసి అడుక్కి జారిపోయింది. ఆ జారుడులోనే 2003లో ఫ్లూరీ, 2004లో మాల్కిన్, 2005లో లాటరీ తగిలి క్రాస్బీ దొరికారు. 2009, 2016, 2017లో కప్పులు. షికాగోకి 2006లో టేవ్స్, 2007లో కేన్ వచ్చారు. 2010, 2013, 2015లో కప్పులు. ఈ రెండు కథలు చెప్పి "చూశారా, కూల్చాలి" అనేవాళ్ళు ఇక్కడ వీధికి పదిమంది.

కానీ వాళ్ళు బఫెలో కథ చెప్పరు. 2006-07లో లీగ్ మొత్తం మీద మొదటి స్థానంలో ఉన్న జట్టది. 2007 జులై 1న ఒక్క రోజులో డ్రూరీ, బ్రియేర్ ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత నానా తంటాలు పడి చివరికి కూల్చారు. 2015లో రెండో పిక్‌తో ఐకెల్ దొరికాడు కూడా. అయినా 2011-12 నుంచి 2024-25 దాకా వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. లీగ్ చరిత్రలో అంత పొడుగు కరువు ఇంకెవరికీ లేదు. ఐకెల్ 2021లో వేగాస్‌కి వెళ్ళి 2023లో అక్కడ కప్పు ఎత్తాడు. మా పక్కూరు ఎడ్మంటన్‌కి 2010, 2011, 2012 మూడేళ్ళూ మొదటి పిక్కే వచ్చింది. 2016 దాకా పదేళ్ళు ప్లేఆఫ్స్ లేవు. కూల్చినవాళ్ళందరూ కట్టలేరు. కూలిన చోట పిచ్చి మొక్కలు మొలిచిన స్థలాలు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు?

మరి కూల్చకుండా నిలబడ్డవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అదే ఎడ్మంటన్ 1988 ఆగస్టు 9న గ్రెట్జ్కీని లాస్ ఏంజెలస్‌కి అమ్మేసింది. దేశమంతా గొల్లుమంది. 1990లో గ్రెట్జ్కీ లేకుండానే కప్పు గెలిచింది. ఎందుకంటే మెస్సియే ఉన్నాడు, కుర్రీ ఉన్నాడు, ఆండర్సన్ ఉన్నాడు. 1991లో మెస్సియేని కూడా పంపించాక, 1993 నుంచి నాలుగేళ్ళు ప్లేఆఫ్స్ లేవు. బోస్టన్ చూడండి. 2022-23లో 65 విజయాలు, 135 పాయింట్లు, రెండూ లీగ్ రికార్డులు. ఆ వేసవిలో బెర్జెరాన్, క్రేచీ ఇద్దరు సెంటర్లూ రిటైరయ్యారు. అందరూ పడిపోతారన్నారు. తర్వాతి ఏడు 109 పాయింట్లు! పడింది ఆ పై ఏడు, 2024-25లో, 76 పాయింట్లకి. కెప్టెన్ మార్షాండ్‌ని కూడా ఫ్లోరిడాకి ఇచ్చేశారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ఎవరు వెళ్ళారన్నది ఎంత చూసినా జవాబు రాదు. ఎవరు మిగిలారు, వాళ్ళ వయసెంత, మిగిలినవాళ్ళు ఆడే ఆట వెళ్ళినవాడి మీద ఎంత ఆధారపడి ఉంది, ఇవి చూడాలి. గ్రెట్జ్కీ కంటే పెద్దవాడు ఎవరూ లేరు, అయినా మెస్సియే వెళ్ళాకే ఇల్లు కూలింది.

ఇది చదివి తెలుసుకున్నదేం కాదు. దీనికి ముందే మా ఇంట్లో చూశాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు. నాకు పన్నెండేళ్ళప్పుడు వానలకి నడవ మీద దూలం పుచ్చిపోయింది. బాబాయి కూల్చి డాబా వేద్దామన్నాడు. నాన్న దూలం మారుద్దామన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మేస్త్రీ వచ్చి దూలం వంక చూడనే లేదు. చిన్న సుత్తి తీసుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గోడలన్నీ కొట్టుకుంటూ తిరిగాడు. "పోయిందాని సంగతి తర్వాత బాబూ, ఉన్నవి మొయ్యగలవా లేవా చూడనియ్యండి" అన్నాడు. రెండు గోడలు గట్టివి, ఒకటి గుల్ల. గుల్లగోడ తీసి కట్టి, దూలం మార్చాడు. ఆ ఇంట్లోనే అమ్మా నాన్నా ఇప్పటికీ ఉంటున్నారు.

కాల్గరీ వాళ్ళు గోడలు కొట్టి చూశారా? నా ఉద్దేశంలో చూడలేదు. కచక్‌కి బదులుగా ఫ్లోరిడా నుంచి హ్యూబర్డో, వీగర్ వచ్చారు, ఒక మొదటి రౌండు పిక్, ఇంకొక కుర్రాడు కూడా. హ్యూబర్డో ఆ ముందు ఏడు సరిగ్గా గోద్రో లాగే 115 పాయింట్లు సాధించినవాడు. 115 పోయింది, 115 వచ్చింది, లెక్క సరిపోయింది అనుకున్నారు. ఒక్క మ్యాచ్ ఆడకముందే ఎనిమిదేళ్ళకి 84 మిలియన్లు రాసిచ్చారు. 31 ఏళ్ళ కద్రీకి ఏడేళ్ళకి 49 మిలియన్లు. అప్పట్లో నేను కూడా చప్పట్లు కొట్టినవాణ్ణే. తీరా 2022-23లో హ్యూబర్డోకి వచ్చినవి 55 పాయింట్లు. జట్టుకి 93, ప్లేఆఫ్స్ లేవు.

ఇప్పుడు మా ఆఫీసు సంగతికొస్తాను. నాకు ఇందులో కొంచెం సిగ్గుపడాల్సింది ఉంది.

ఆ సీజన్ మధ్యలోనే, 2023 జనవరిలో, నన్ను మొదటి మ్యాచికి తీసుకెళ్ళిన మా లీడ్ ఉద్యోగం మానేశాడు. మార్చిలో డేటాబేస్ చూసే ఆవిడ మానేసింది. బిల్లింగ్ కోడ్ అంతా వాళ్ళిద్దరి బుర్రల్లో ఉండేది. డాక్యుమెంట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి, 2017 నాటివి. డైరెక్టర్ మొత్తం మొదటినుంచీ రాయించేద్దామన్నాడు. మేం వద్దు వద్దని గోల పెట్టాం. మధ్యేమార్గంగా బయట నుంచి ఒక పెద్ద సీనియర్‌ని పెద్ద జీతం ఇచ్చి తెచ్చారు. అచ్చం ఫ్లేమ్స్ లాగే.

ఆయన పనిమంతుడే. కానీ మా సిస్టమ్ మా లీడ్ పనిచేసే పద్ధతికి అల్లుకుని పెరిగింది. రాత్రి బ్యాచ్ ఆగిపోతే ఏ మూడు టేబుళ్ళు చూడాలో మా లీడ్‌కి నిద్రలో కూడా తెలుసు. కొత్తాయనకి ఎలా తెలుస్తుంది? ఆయన అడిగితే మేం సగం చెప్పేవాళ్ళం. మిగతా సగం మాక్కూడా తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. ఆర్నెల్లకి లంచ్‌లో జోకులు మొదలయ్యాయి. ఒక రోజు నేను ఆయన్ని "మన హ్యూబర్డో" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మైక్రోవేవ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆయనేం అనలేదు. డబ్బా తీసుకుని తన సీటుకి వెళ్ళిపోయాడు. ఆయన కూడా కాల్గరీలో పుట్టినవాడే, అర్థం కాకపోయే ప్రశ్నే లేదు. 2024 మొదట్లో మానేశాడు. ఆఖరి రోజు క్షమించమని అడుగుదామని వెళ్ళి, ఆల్ ద బెస్ట్ చెప్పి వచ్చేశాను. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఫ్లోరిడాలో హ్యూబర్డో పాస్ ఇస్తే పరిగెత్తుకొచ్చి అందుకునేవాళ్ళు ఉండేవారు, ఇక్కడ లేరు. ఒక మనిషిని తెచ్చి ఇంకో మనిషి ఆకారంలో ఉన్న గోతిలో పెట్టి, సరిపోలేదేంటని వాణ్ణే తిడతాం. గొయ్యి తవ్వుకుంది మనమని గుర్తుండదు.

ఆయన వెళ్ళాక ఇంకెవర్నీ తేలేదు, డబ్బుల్లేవు. పని ముక్కలు చేసి జూనియర్లకి పంచారు. ఒక కుర్రాడు ఆరు నెలల్లో పారిపోయాడు. టెస్టింగ్‌లో ఉండే ఒకమ్మాయి మాత్రం అడిగిన ప్రశ్నే నాలుగుసార్లు అడిగి, జవాబు రాసిపెట్టుకుని, ఏడాది తిరిగేసరికి బిల్లింగ్ మొత్తం పట్టేసింది. ఇవాళ రాత్రి బ్యాచ్ ఆగితే మేం ఫోన్ చేసేది ఆ అమ్మాయికే.

చిత్రం ఏమిటంటే ఆ రోజుల్లోనే ఫ్లేమ్స్ కూడా అదే దారి పట్టారు. కొత్త జనరల్ మేనేజర్ క్రెయిగ్ కాన్‌రాయ్ 2023 నవంబరు నుంచి 2024 జూన్ లోపు జాడోరోవ్, లిండ్‌హోమ్, టానెవ్, హానిఫిన్, గోలీ మార్క్‌స్ట్రోమ్‌లని ఒక్కొక్కరిగా పంపించాడు. కూల్చాడా? పూర్తిగా కాదు. కద్రీ, వీగర్, బ్యాక్‌లండ్‌లని ఉంచాడు. ఆ ఖాళీలో గోల్ ముందు నిలబడే అవకాశం డస్టిన్ వుల్ఫ్‌కి వచ్చింది. 2019 డ్రాఫ్ట్‌లో 217 మందిని తీసుకుంటే ఇతను 214వ వాడు. పొట్టివాడని అందరూ వదిలేశారు. 2024-25లో అడుగున ఉంటుందనుకున్న జట్టు 96 పాయింట్లు తెచ్చుకుంది. సెయింట్ లూయిస్‌కి కూడా సరిగ్గా 96. మామూలు సమయంలో గెలిచిన మ్యాచులు వాళ్ళకి ఎక్కువ ఉన్నాయని వాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, మేం ఇంటికెళ్ళాం.

"ఇదే అన్నిటికన్నా అధ్వాన్నం" అంటారు రీబిల్డ్ వాదులు. పైకీ వెళ్ళలేదు, మంచి పిక్కూ రాలేదు, మధ్యలో ఇరుక్కుపోయారని. వాళ్ళ లెక్కలో నిజం ఉంది, కాదనను. వుల్ఫ్ లాంటివాడు ప్రతి ఏడూ దొరకడు, కప్పు గెలిచిన జట్లలో చాలావాటికి డ్రాఫ్ట్ తొలి వరసలో దొరికిన ఒకరిద్దరు ఉంటారు. కానీ నాలుగేళ్ళు కావాలని ఓడటం అనేది కాగితం మీద తేలిక. ఓడేది ఆ ఆటగాళ్ళు. వాళ్ళకి అవే మంచి వయసు, వాళ్ళకి ఇంకో నాలుగేళ్ళు రావు. టికెట్టు కొని వచ్చేది మా లీడ్ లాంటివాళ్ళు. ఆఫీసులో కూడా మొదటినుంచీ రాద్దామన్న డైరెక్టర్ ఏడాది తిరక్కుండా వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. మేం సరేనని ఉంటే సగం కూల్చిన ఇంట్లో మేం మిగిలేవాళ్ళం.

అందుకని నా అభిప్రాయం అడిగితే, ముఖ్యమైనవాళ్ళు పోగానే రీబిల్డ్ చెయ్యాల్సిందే అనే రూలేం లేదు. మిగిలిన గోడలు గట్టివైతే దూలం మార్చుకోవచ్చు. గుల్లవైతే కూల్చడమే మేలు, అప్పుడు కూల్చకుండా సున్నం వేసుకుంటూ కూర్చోవడమే తప్పు. అసలు చెయ్యకూడనిది మాత్రం ఒకటి: కొట్టి చూడకుండా, భయంతోనో పరువు కోసమో, వెళ్ళినవాడి లాంటివాడినే వెతికి తేవడం.

గోద్రో గురించి ఇంకొక మాట. అతను వెళ్ళాక 2023 జనవరిలో కొలంబస్ జట్టుతో మొదటిసారి కాల్గరీ వచ్చాడు. పక్ ముట్టుకున్నప్పుడల్లా జనం గోల చేశారు. నేను ఊళ్ళో ఒక స్నేహితుడి గదిలో టీవీలో చూస్తూ, ఆ గోలకి నా వంతు కలిపాను. ఇంటికి దగ్గరగా ఉండాలని వెళ్ళినవాడిని. 2024 ఆగస్టు 29న, చెల్లెలి పెళ్ళికి ముందు రోజు రాత్రి, సొంత ఊరికి దగ్గర్లో రోడ్డు మీద తమ్ముడు మాథ్యూతో కలిసి సైకిల్ తొక్కుతుంటే కారు గుద్దింది. ఇద్దరూ పోయారు. గోద్రోకి 31 ఏళ్ళు. ఆ వారం సాడిల్‌డోమ్ మెట్ల నిండా పూలు, జెర్సీలు, పిల్లలు రాసిన చీటీలు. నేనూ వెళ్ళాను. ఎవరో ఒక పెద్దాయన నా పక్కన నిలబడి, ఇంటివాళ్ళ దగ్గర రెండేళ్ళు ఉన్నాడు, అదొక్కటి నయం అన్నాడు. ఆ రెండేళ్ళనే నేను జట్టుకి చేసిన ద్రోహం కింద లెక్కేసుకున్నాను అప్పటిదాకా.

మేనేజరుకి నవ్వు ఎందుకొచ్చిందో చెప్పి, ఇదంతా కాకపోయినా కొంత చెప్పాను. ఆయన కూడా ఫ్లేమ్స్ మనిషే, తొందరగానే అర్థమైంది. ఆ బిల్లింగ్ అమ్మాయి ఉంది, ఇంకో ఇద్దరు గట్టివాళ్ళు ఉన్నారు, నా చేతిలో ఉన్న ముక్కల్లో రెండు మాత్రం నిజంగా గుల్ల, అవి నేను ఉండగానే తీసి కట్టేద్దాం అన్నాను. మూడు నెలలు గడువు పెట్టుకున్నాం. నా బదులు నాలాంటివాణ్ణి మాత్రం వెతకొద్దని చెప్పాను. రాత్రి ఇంటికొచ్చి ఆ పాత సీనియర్ గారికి ఒక మెయిల్ రాశాను, రెండేళ్ళు ఆలస్యంగా. జవాబు ఇంకా రాలేదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వస్తే రా గానీ, నడవలో పెంకులు నాలుగు జారాయి రా, మేస్త్రీని పిలవాలి, నువ్వొచ్చాక చూద్దాంలే" అంది.